వెక్కిరింపులు ఎదుర్కొన్న మాక్స్‌వెల్

జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1831లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జన్మించారు. పెరిగింది గ్లెన్‌లేర్ పల్లెలో. ఎనిమిదేళ్లకే తల్లిని పోగొట్టుకున్నారు. పదేళ్లప్పుడు ఎడిన్‌బరో అకాడమీలో చేరితే, పల్లె యాస విని, ఇంట్లో కుట్టిన బట్టలు చూసి తోటి పిల్లలు పిచ్చివాడని పేరు పెట్టారు. తండ్రి మాత్రం కొడుకు ప్రశ్నలను ఏనాడూ తోసిపుచ్చలేదు. శాస్త్రవేత్తల సభలకు వెంట తీసుకెళ్లారు. 14 ఏళ్లకే ఆ బాలుడు అండాకార వక్రరేఖలపై రాసిన వ్యాసాన్ని ఎడిన్‌బరో రాయల్ సొసైటీలో చదివారు. రచయిత మరీ చిన్నవాడు కావడంతో ప్రొఫెసర్ ఫోర్బ్స్ చదివి వినిపించారు.

వాయువులోని అణువులన్నీ ఒకే వేగంతో కదలవని, కొన్ని మెల్లగా, కొన్ని చాలా వేగంగా, ఎక్కువ భాగం మధ్యస్థంగా పోతాయని 1860లో ఆయన లెక్కగట్టి ప్రకటించారు. వేడి పెరిగితే సగటు వేగం పెరుగుతుంది. కెల్విన్ లెక్కలో ఉష్ణోగ్రత నాలుగు రెట్లయితే వేగం రెట్టింపవుతుంది. ఒకే ఉష్ణోగ్రత వద్ద బరువైన అణువు నెమ్మదిగా కదులుతుంది. ఆక్సిజన్ అణువు హైడ్రోజన్ అణువు కన్నా 16 రెట్లు బరువు. అందుకే 27 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆక్సిజన్ సగటున సెకనుకు సుమారు 450 మీటర్లు పోతే, హైడ్రోజన్ సుమారు 1,800 మీటర్లు పోతుంది.

గాలిని పలచబరిచినా దాని స్నిగ్ధత తగ్గదని కూడా ఆ లెక్కల్లో తేలింది. మాక్స్‌వెల్‌కే అది వింతగా తోచింది. లండన్‌లోని ఇంటి అటక గదిలో పరీక్షించారు. గది వేడి నిలిచేలా భార్య కేథరిన్ నిప్పు రాజేస్తూ తోడ్పడ్డారు. లెక్క నిజమైంది.

1879లో 48 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. ఇంటి మాటతో బడికొచ్చే పిల్లలున్న మనకు ఆయన బాల్యం గుర్తుండాలి. యాసను బట్టి తెలివిని కొలవలేం.