నది బలమును వృథా పోనీయని కాటన్ దొరగారు

కొల్లేటికోట లంకలలో దోనె నడుపువారికి మేము క్రొత్తగా చెప్పనక్కరలేదు. బండికి భారమైన ధాన్యము నీటిమీద గడతో త్రోసినంతనే కదలును. నీటిలోని ఈ సుళువును దేశమంతటికి మేలుగా మార్చగోరినవారు సర్ ఆర్థర్ కాటన్ దొరగారు.

వీరు 1803 మే 15న ఇంగ్లండులో జన్మించిరి. 1821లో మద్రాసు ఇంజనీర్ల దళములో పనిచేయుటకు మన దేశమునకు వచ్చిరి. వీరు భక్తిగల క్రైస్తవులు. 1833 కరవులో గోదావరి సీమలో అనేకులు ఆకలిచే చనిపోయిరి. ఆ సీమ నడుమనుండియే గోదావరి సముద్రమునకు పారుచుండెను.

ఆ నీటిని చేలకు ఎక్కించుట ఎట్లు? ఏతము త్రొక్కిన మనుష్యుని నడుము విరుగును. యంత్రము పెట్టిన బొగ్గు కావలెను. ఏ యంత్రమును శక్తిని పుట్టింపజాలదు. ఇచ్చిన శక్తిని మార్చును, అందులో కొంత రాపిడికి పోగొట్టును. కాటన్ గారు నది పల్లమునే పనివానిగా చేసికొనిరి. ధవళేశ్వరము వద్ద అడ్డుకట్ట కట్టి నీటిమట్టము పెంచినయెడల, నీరు తన బరువుతోనే కాలువలలో పారి చేలకు చేరును. 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియాయెను.

ఆ కాలువలే పడవలకు దారులాయెను. గోదావరి కాలువ తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు వచ్చి, కృష్ణ కాలువతో కలిసెను. లాకు తలుపులు మూసి నీరు వదలగా, పడవ యంత్రము లేకయే పైకి లేచెడిది. నెమ్మదిగా సాగు పడవకు నీటి అడ్డు బహు స్వల్పము; వేగము హెచ్చినకొలది ఆ అడ్డు పెరుగును.

అందుచేత బరువులకు రైలుకంటె కాలువయే చౌక అని వీరు ఏండ్ల తరబడి వాదించిరి. 1878లో పార్లమెంటు సంఘము ఎదుటను అదే చెప్పిరి. వారి మాట చెల్లలేదు. లోకము వేగమును కోరెను, దాని వెలను బొగ్గుతో చెల్లించెను. కాటన్ గారు 1899 జూలై 24న మరణించిరి. పాత ఆనకట్ట స్థానములో తరువాత కట్టిన బ్యారేజికి వారి పేరే పెట్టిరి.

ఐదు రొట్టెలను వేలమందికి పంచిన ప్రభువు మిగిలిన ముక్కలను సయితము పోగుచేయించెను. సమృద్ధి యున్నచోటనే పొదుపు నేర్పెను. నేడు చెరువుల గట్లమీద నూనె ఇంజనులును కరెంటు మోటార్లును తిరుగుచున్నవి. అవసరమైనచోట వాటిని నడుపుదము. అయితే మీట నొక్కుటకు ముందు పల్లము ఎటున్నదో చూతము. నీరు తానుగా చేయు పనికి నూనె కాల్చకుందము.