లిలియన్ గిష్

మూకచిత్రముల యుగమున ప్రపంచఖ్యాతి గాంచిన నటీమణులలో లిలియన్ గిష్ అగ్రగణ్య. ఆమె 1893 అక్టోబరు 14వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి కుటుంబమును విడిచిపోగా, తల్లి నాటకరంగము నాశ్రయించి ఇరువురు కుమార్తెలను పోషించెను. లిలియను, చెల్లెలు డొరొతీ పసితనముననే రంగస్థల మెక్కి, ఊరూర తిరిగి జీవనమునకు తోడ్పడిరి. 1912లో దర్శకుడు డి. డబ్ల్యు. గ్రిఫిత్ వారిని చలనచిత్రములలో ప్రవేశపెట్టెను.

1920లో వెలువడిన ‘వే డౌన్ ఈస్ట్’ చిత్రమున కథానాయిక, ఇల్లు వెడలగొట్టబడి, మంచుతుపానులో దారితప్పి, నదిపై తేలిపోవు మంచుపలకమీద మూర్ఛిల్లును. తుపాను దృశ్యములను న్యూయార్కు సమీపమునగల మామరొనెక్‌లో నిజమైన తుపానులోనే తీసిరి. కెమెరాలోని నూనె గడ్డకట్టకుండ దానిక్రింద చిన్న మంట పెట్టిరి. నటి కనురెప్పలపై మాత్రము మంచు పేరుకొనెను. నదీదృశ్యములకై వెర్మాంటు రాష్ట్రమునందలి వైట్ రివర్ జంక్షనుకు తరలిరి. చేతిని, జుట్టును నీటిలోనికి జారవిడిచినచో దృశ్యము సహజముగ నుండునని సూచించినది ఆమెయే. మూడు వారములు, దినమునకు ఇరువదిసార్లకు తక్కువగాక, ఆ పలకపై పరుండవలసివచ్చెనని ఆమె అనంతరము వ్రాసికొనెను. నాడు చేతికి పట్టిన బాధ జీవితాంతము వీడలేదు.

1928లో విడుదలయైన ‘ది విండ్’ చిత్రమునకు ఇందుకు విరుద్ధమైన కష్టము. మొహావీ ఎడారిలో ఎండ 120 డిగ్రీల ఫారన్‌హీటుకు చేరెను. ఎనిమిది విమానపు పంకాలు ఆమెపై ఇసుకను ఎగజిమ్మెను. ఫిలిం పాడుకాకుండ మంచుగడ్డలలో ఉంచిరి; నటీనటులకు అట్టి రక్షణ లేదు. కాలిన తలుపుపిడిని పట్టుకొనగా ఆమె అరచేయి బొబ్బలెక్కెను. ఇంత శ్రమించినను, చిత్రము వెలువడునాటికి మాటల చిత్రములు ప్రజలనాకర్షించుచుండుటచే దానికి ఆదరణ కరవాయెను. అది మూకచిత్రములలో ఉత్తమోత్తమమైన వానిలో నొకటియని లోకము గుర్తించుటకు దశాబ్దములు పట్టెను.

ఆమె నిరాశచెందక తిరిగి రంగస్థలమున కృషి సాగించెను. 1969లో ప్రకటించిన స్వీయచరిత్రమున ఈ కష్టములన్నియు వర్ణించెను. అయినను గ్రిఫిత్‌ను నిందింపక, గురువుగనే స్మరించెను. 1971లో ఆమెకు గౌరవ ఆస్కారు పురస్కారము లభించెను. తొంబది యేండ్లు దాటిన పిదపకూడ మెయిన్ రాష్ట్రపు దీవిలో తీసిన ‘ది వేల్స్ ఆఫ్ ఆగస్ట్’ అను చిత్రమున నటించెను. అది 1987లో వెలువడెను.

1993 ఫిబ్రవరి 27వ తేదీన న్యూయార్కులో ఆమె పరమపదించెను. తెరపై క్షణకాలము మెరసి మాయమగు దృశ్యమునకు ఒక మనిషి దేహము ఎంత మూల్యము చెల్లించినదో ఆ స్వీయచరిత్రము తెలుపుచున్నది.