నిర్దోషి తరఫున నిలిచిన డిటెక్టివ్ కథల డాక్టరు

డిటెక్టివ్ నవలలు చదివే అలవాటున్న వారికి షెర్లాక్ హోమ్స్ పేరు కొత్త కాదు. మన తెలుగునాట కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపుల్లో ఎంతగా చలామణీ అయ్యారో, ఇంగ్లండులో హోమ్స్, ఆయన మిత్రుడు డాక్టర్ వాట్సన్ అంతకు మించి చలామణీ అయ్యారు. అయితే హోమ్స్ అనే మనిషి ఏనాడూ లేడు. ఆయనను సృష్టించిన సర్ ఆర్థర్ కోనన్ డాయల్ మాత్రం కష్టసుఖాలు చవిచూసిన మనిషి, చదువురీత్యా వైద్యుడు. రాత్రివేళ పశువులను కోశాడనే నేరం మోపబడి జైలుపాలైన ఒక భారతీయ సంతతి యువకుని కోసం ఆయన స్వయంగా డిటెక్టివు పనికి పూనుకున్నారు. హోమ్స్ కథలన్నీ చదివిన వారిలో సైతం ఈ సంగతి ఎరిగినవారు తక్కువ.

డాయల్ 1859 మే 22న స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో జన్మించారు. తండ్రి చార్లెస్ చిన్నపాటి సర్కారు ఉద్యోగి. బొమ్మలు వేయడంలో నేర్పరి. కాని తాగుడుకు బానిసై ఉద్యోగం పోగొట్టుకుని, చివరకు 1893లో పిచ్చాసుపత్రిలోనే కన్నుమూశారు. ఇంటి బరువంతా తల్లి మేరీ మీద పడింది. పిల్లలను కూర్చోబెట్టుకుని పాతకాలపు వీరుల కథలు కళ్లకు కట్టినట్లు చెప్పడం ఆమెకు అలవాటు. డాయల్‌కు కథ చెప్పే విద్య అబ్బింది ఆ తల్లి దగ్గరే. కలిగిన బంధువుల సాయంతో హైస్కూలు చదువు పూర్తి చేసి, 1876లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరారు.

అక్కడ జోసెఫ్ బెల్ అనే శస్త్రవైద్యుని వద్ద డాయల్ గుమాస్తాగా ఉండి, రోగులను ఒక్కొక్కరినే లోపలికి పంపుతుండేవారు. బెల్ గారికి ఒక వింత అలవాటు ఉండేది. రోగి నోరు విప్పకముందే అతడి నడక, చేతులు, బట్టలు చూసి వృత్తి ఏమిటో, ఎక్కడినుంచి వచ్చాడో చెప్పేవారు. ఒకనాడు మామూలు దుస్తుల్లో ఒక వ్యక్తి రాగా, అతడు ఈమధ్యనే సైన్యం నుంచి విడుదలైన స్కాట్లండు పటాలపు చిన్న అధికారి అనీ, బార్బడోస్ దీవిలో పనిచేసి వచ్చాడనీ బెల్ తేల్చేశారు. అతడు అవునన్నాడు. శిష్యులు నిర్ఘాంతపోయారు. మనిషి మర్యాదస్తుడే అయినా టోపీ తీయలేదు కాబట్టి సైన్యంలోని అలవాటు ఇంకా పోలేదని, మాటలో అధికారం ఉంది కాబట్టి హోదా కలవాడని, అతడికి వచ్చిన బోదకాలు వ్యాధి బ్రిటన్‌లో ఉండేది కాదు, వెస్టిండీసులో ఉండేది కాబట్టి అక్కడినుంచి వచ్చాడని బెల్ వివరించారు. బోదకాలును చూసి జబ్బు పేరు చెప్పడం మన కోస్తా జిల్లాల్లో ఎవరికైనా తెలిసిన విద్యే. దాన్నిబట్టి మనిషి తిరిగివచ్చిన దేశం చెప్పడం మాత్రం అందరికీ చేతనయ్యే పని కాదు. తర్వాతి కాలంలో హోమ్స్ ప్రదర్శించిన తెలివి అంతా ఈ గురువుగారి చలవే.

చదువు మధ్యలో 1880లో తిమింగలాలను వేటాడే ఓడలో వైద్యుడిగా ఉత్తర ధ్రువ సముద్రాలకు వెళ్లివచ్చారు. పట్టా పుచ్చుకున్న తర్వాత 1882లో పోర్ట్స్‌మత్ పక్కన సౌత్‌సీలో సొంతంగా ఆసుపత్రి పెట్టారు. చేతిలో ఉన్న సొమ్ము పది పౌన్లు కూడా లేదు. బోర్డు కట్టారు గాని రోగులు రాలేదు. పొద్దు గడవక, ఇల్లు గడవక కథలు రాయనారంభించారు. ఆ విధంగా 1886లో హోమ్స్ తొలి నవల తయారయింది. పలువురు ప్రచురణకర్తలు తిప్పిపంపగా, చివరకు ఒకరు సర్వహక్కులూ కలిపి 25 పౌన్లకు కొన్నారు. 1887లో అది ఒక క్రిస్‌మస్ సంచికలో అచ్చయింది. కోట్లు కురిపించిన ఆ డిటెక్టివు మీద తొలి పుస్తకంలో రచయితకు దక్కింది ఆ పాతిక పౌన్లే.

1890లో వచ్చిన రెండవ నవలలో కథంతా మన దేశంతో ముడిపడి ఉంటుంది. 1857 తిరుగుబాటు రోజుల్లో ఆగ్రా కోటలో దాచిన నిధి, అండమాన్ జైలు నుంచి పారిపోయిన ఖైదీ అందులో వస్తారు. మరుసటి ఏడాది డాయల్ లండన్‌కు మారి కంటివైద్యుడిగా బోర్డు తిప్పారు. అక్కడ రోగి అన్నవాడు ఒక్కడూ గడప తొక్కలేదని ఆయనే తర్వాత రాసుకున్నారు. అయితే అదే ఏడాది జూలై నుంచి స్ట్రాండ్ మాసపత్రికలో హోమ్స్ చిన్న కథలు మొదలయ్యాయి. ఇక వెనుదిరిగి చూడలేదు. నెల నెలా పత్రిక కోసం జనం బారులు తీరారు.

హోమ్స్‌ను చంపిన వైనం

విచిత్రమేమంటే, దేశమంతా మెచ్చుకున్న ఈ డిటెక్టివు రచయితకే భారమయ్యాడు. చరిత్ర నవలలు రాసి గొప్ప పేరు తెచ్చుకోవాలని డాయల్ కోరిక. హోమ్స్ అందుకు అడ్డు అనుకున్నారు. వద్దని తల్లి వారించినా వినక, 1893 డిసెంబరులో వెలువడిన కథలో హోమ్స్‌ను స్విట్జర్లండులోని జలపాతంలో పడేశారు. పాఠకులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఇరవై వేలమందికి పైగా పత్రిక చందా మానుకున్నారని చెబుతారు. ఆ ఏడాదే డాయల్ భార్య లూయిసాకు క్షయ సోకింది. కొద్ది నెలలకు మించి బతకదన్న మనిషిని గాలి మార్పుకు ఊళ్లు తిప్పి 1906 దాకా కాపాడుకున్నారు. 1900లో దక్షిణాఫ్రికా యుద్ధానికి వెళ్లి, టైఫాయిడ్ జ్వరాలతో నిండిన సైనిక ఆసుపత్రిలో పనిచేశారు. 1902లో సర్ బిరుదు వచ్చింది. 1903లో పాఠకుల కోరికకు, పత్రికలు ఇవ్వజూపిన సొమ్ముకు తలొగ్గి హోమ్స్‌ను మళ్లీ బతికించారు. 1927 వరకు వెలువడిన హోమ్స్ సాహిత్యం మొత్తం 4 నవలలు, 56 కథలు.

ఆ గ్రామంలో జరిగింది

ఇంగ్లండు మధ్యభాగంలో స్టాఫర్డ్‌షైర్ జిల్లాలో గ్రేట్ వైర్లీ అనే గ్రామం ఉంది. చుట్టూ బొగ్గు గనులు, పొలాలు. ఆ ఊరి చర్చి ఫాదర్ షాపూర్జీ ఎదల్జీ బొంబాయి పార్సీ కుటుంబంలో పుట్టి క్రైస్తవ మతం పుచ్చుకున్నవారు. భార్య ఇంగ్లీషావిడ. తెల్లవారి ఊళ్లో నల్లటి గురువు ఉండటం కొందరికి గిట్టలేదు. ఏళ్ల తరబడి ఆ కుటుంబానికి ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చేవి. తిట్లు, బెదిరింపులు వాటి నిండా ఉండేవి. ఫిర్యాదు చేయగా పోలీసులు రాసినవాడిని పట్టుకోకపోగా, ఫాదర్ పెద్ద కొడుకు జార్జియే ఆ ఉత్తరాలు రాస్తున్నాడని అనుమానించారు. జిల్లా పోలీసు అధికారికి ఆ కుర్రవాడిపై మొదటినుంచీ సదభిప్రాయం లేదు.

జార్జి బుద్ధిమంతుడు. లా చదివి బర్మింగ్‌హామ్‌లో ప్రాక్టీసు పెట్టారు. సామాన్య ప్రయాణికులకు ఉపయోగపడేలా రైల్వే చట్టం మీద పుస్తకం కూడా రాశారు. రోజూ రైల్లో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరేవారు. తాగుడు లేదు, స్నేహాలు లేవు.

1903 ఫిబ్రవరి నుంచి ఆ ఊళ్లో ఘోరాలు మొదలయ్యాయి. రాత్రివేళ పొలాల్లో వదిలిన గుర్రాలు, ఆవులు, గొర్రెల పొట్టలను ఎవరో పదునైన కత్తితో చీల్చి పోతున్నారు. తెల్లవారి చూస్తే పశువు నెత్తుటి మడుగులో కొట్టుకుంటూ ఉండేది. పశువు పోతే రైతుకు ఎంత నష్టమో, ఎంత దుఃఖమో ఈ జిల్లా వారికి వేరే చెప్పనక్కరలేదు. ఊరంతా వణికిపోయింది. అదే సమయంలో ఆకాశరామన్న ఉత్తరాలు మళ్లీ బయలుదేరాయి. ఇదంతా ఒక ముఠా పని అనీ, ఆ ముఠాలో జార్జి ఎదల్జీ ఉన్నాడనీ వాటిలో ఉంది. పోలీసుల తర్కం ప్రకారం ఆ ఉత్తరాలు రాసింది కూడా జార్జియే. తన పేరు తానే పోలీసులకు ఎందుకు పట్టిస్తాడని మాత్రం వారు ఆలోచించినట్లు లేదు.

ఆగస్టు 18 తెల్లవారుజామున బొగ్గు గనికి చెందిన పొట్టి గుర్రం ఒకటి పొట్ట చీల్చబడి కనిపించింది. ఆ రోజే జార్జిని అరెస్టు చేశారు. రాత్రంతా కొడుకు తన గదిలోనే పడుకున్నాడని, గదికి తాళం వేసి ఉందని తండ్రి ప్రమాణం చేసి చెప్పినా కోర్టు నమ్మలేదు. దస్తూరీ నిపుణుడు ఉత్తరాలు జార్జివే అన్నాడు. కోటుపై గుర్రపు వెంట్రుకలు ఉన్నాయన్నారు. అక్టోబరులో ఏడేళ్ల కఠినశిక్ష పడింది. ఆయన రిమాండులో ఉండగానే ఊళ్లో మరో గుర్రాన్ని కోశారు. అది ముఠాలో మిగిలినవారి పని అని సరిపెట్టారు. శిక్ష అన్యాయమని పదివేల మంది సంతకాలు చేసిన విజ్ఞాపన వెళ్లినా లాభం లేకపోయింది. మూడేళ్ల తర్వాత 1906 అక్టోబరులో, కారణం చెప్పకుండానే విడిచిపెట్టారు. నేరస్థుడన్న ముద్ర పోలేదు. వకీలు పట్టా లేదు. తన గోడు పత్రికలకు రాసుకుని, ఆ కాగితాలను డాయల్‌కు పంపారు.

భార్య పోయిన దిగులుతో అప్పటికి డాయల్ ఏ పనీ చేయలేకుండా ఉన్నారు. ఆ కాగితాలు చదివి లేచి కూర్చున్నారు. 1907 జనవరిలో లండన్‌లోని ఒక హోటల్లో కలుద్దామని జార్జికి కబురు చేశారు. డాయల్ చేరేసరికి జార్జి పత్రిక చదువుతూ కూర్చుని ఉన్నారు. కాగితాన్ని కళ్లకు ఆనించేలా, కొంచెం పక్కకు తిప్పి పట్టుకున్నారు. రోగులు రాకపోతేనేం, డాయల్ నేర్చిన కంటివైద్యం ఆ క్షణాన పనికివచ్చింది. పలకరించకముందే ఆయనకు అర్థమైంది, ఈ మనిషికి చూపు చాలా తక్కువ అని. నిపుణునిచేత పరీక్ష చేయించగా అదే తేలింది. పట్టపగలే కొద్ది దూరంలో మనిషిని పోల్చుకోలేని వ్యక్తి, వానపడుతున్న చీకటిరాత్రి, రైలుపట్టాలు, కంచెలు దాటి, కాపలా పోలీసుల కళ్లుగప్పి, పొలంలో గుర్రాన్ని వెతికి పొట్ట చీల్చి తిరిగివచ్చాడంటే ఎలా నమ్మడం?

డాయల్ అంతటితో ఆగలేదు. గ్రామానికి వెళ్లి దారంతా నడిచి చూశారు. జార్జి చెప్పులకు అంటిన బురద, గుర్రం ఉన్న పొలం మట్టి ఒకటి కావని చూపారు. జార్జి కోటును, గుర్రం చర్మపు ముక్కను కలిపే డాక్టరుకు పంపారని, వెంట్రుకల గుట్టు అదేనని వాదించారు. దస్తూరీ నిపుణుడు అంతకుముందు మరో కేసులో నిర్దోషిని జైలుకు పంపిన వాడేనని బయటపెట్టారు. ఈ సంగతులన్నీ డెయిలీ టెలిగ్రాఫ్ పత్రికలో ప్రకటించి, ఏ పత్రికైనా వాటిని ఉచితంగా వేసుకోవచ్చునని హక్కులు వదులుకున్నారు. దేశమంతా గగ్గోలు పుట్టింది.

ప్రభుత్వం కమిటీని వేసింది. 1907 మేలో తీర్పు వెలువడింది. పశువులను కోసిన నేరం నుంచి జార్జికి క్షమాభిక్ష లభించింది. కాని ఉత్తరాలు ఆయనే రాసి ఉంటాడని, తన కష్టాలు తానే కొనితెచ్చుకున్నాడని చెప్పి నష్టపరిహారం ఇవ్వలేదు. ఇది ఏ రకమైన న్యాయమో చదువరులే నిర్ణయించుకోవచ్చు. డాయల్ మండిపడ్డారు. అసలు దోషి ఫలానా అని వేరొకరి పేరు హోం శాఖకు రాశారు. అది రుజువు కాలేదు. సాక్ష్యం చాలకుండా ఒకరిని అనుమానించడంలో ఇక్కడ ఆయనా పోలీసుల బాటే పట్టారని ఒప్పుకోవలసి ఉంటుంది. పశువులను కోసిన వాడెవడో నేటికీ తేలలేదు. ఆకాశరామన్న ఉత్తరాలు కొన్ని తానే రాశానని మరో వ్యక్తి 1934లో ఒప్పుకున్నాడు.

అప్పటివరకు ఇంగ్లండులో క్రిమినల్ శిక్షపై అప్పీలుకు తగిన కోర్టే లేదు. 1907లోనే చట్టం చేసి అప్పీలు కోర్టు ఏర్పాటు చేశారు. అందుకు దారితీసిన కేసుల్లో జార్జిది ఒకటి. అనంతరం హత్యానేరంపై 1909లో శిక్షపడిన ఆస్కార్ స్లేటర్ అనే యూదుని కోసం కూడా డాయల్ ఏళ్ల తరబడి పోరాడారు. ఉరికి రెండు రోజుల ముందు శిక్ష యావజ్జీవంగా మారిన ఆ వ్యక్తి పద్దెనిమిదేళ్లకు పైగా జైల్లో మగ్గి, 1927లో విడుదలయ్యాడు. మరుసటి ఏడాది కోర్టు శిక్ష కొట్టివేసింది. 6,000 పౌన్ల పరిహారం వచ్చాక, కేసుకైన ఖర్చు తిరిగి ఇచ్చే విషయంలో డాయల్‌కూ అతనికీ చెడింది.

జీవిత చరమభాగంలో డాయల్ చనిపోయినవారి ఆత్మలతో మాట్లాడవచ్చునని గట్టిగా నమ్మారు. 1918లో పెద్దకొడుకు కింగ్‌స్లీ మరణించాక ఆ నమ్మకం మరీ ముదిరింది. ఇద్దరు బాలికలు కాగితపు బొమ్మలతో తీసిన వనదేవతల ఫొటోలను నిజమని వాదించి నవ్వులపాలయ్యారు. పత్రిక పట్టుకునే తీరును బట్టి మనిషి చూపును అంచనా కట్టగల వ్యక్తి ఆ బొమ్మల దగ్గర మోసపోవడం ఆశ్చర్యమే. 1930 జూలై 7న ఆయన మరణించారు. లండన్‌లో జరిగిన సంతాపసభలో ఆయన కోసం ఒక కుర్చీని ఖాళీగా ఉంచారు.

హోమ్స్ మాత్రం బతికే ఉన్నాడు. బేకర్ వీధిలోని ఆయన చిరునామాకు ఏళ్ల తరబడి ఉత్తరాలు వస్తుంటే, జవాబులు రాయడానికి అక్కడి సంస్థ ఒక సెక్రటరీనే పెట్టుకుంది. 1984 నుంచి 1994 వరకు జెరెమీ బ్రెట్ నటించిన టీవీ సీరియల్ దేశదేశాల్లో ఆదరణ పొందింది. 1993లో మన దూరదర్శన్‌లో వచ్చిన బ్యోమకేశ్ బక్షీ కూడా హోమ్స్ వంశంలోని వాడే.

జార్జి ఎదల్జీకి వకీలు పట్టా తిరిగి వచ్చింది. 1907 సెప్టెంబరులో డాయల్ రెండవ వివాహపు విందుకు పిలిచిన అతిథుల్లో ఆయన ఒకరు. డెయిలీ టెలిగ్రాఫ్ చదువరులు చందాలు వేసి ఇచ్చిన సుమారు 300 పౌన్లను, తన కేసుకు డబ్బు సర్దిన బంధువుకు ఇచ్చివేశారు. పెళ్లి చేసుకోలేదు. న్యాయవాద వృత్తిలోనే కొనసాగి 1953లో మరణించారు. మూడేళ్ల జైలుకు గాను సర్కారు నుంచి ఆయనకు ఒక్క పెన్నీ కూడా ముట్టలేదు.