పిడికెడు బియ్యంతో మొదలైన ఆరాధన

యెషయా ప్రవక్త కాలంలో యెరూషలేము దేవాలయం ఖాళీగా లేదు. బలులు ఆగలేదు, పండుగలు తప్పలేదు, పాటలు తగ్గలేదు. అయినా ఆ ప్రజల నోరు తనకు దగ్గరగా ఉన్నా మనసు మాత్రం ఎంతో దూరంలో ఉందని దేవుడు బాధపడ్డాడు (యెషయా 29:13). ఆ మాట దేవుని మందిరం వైపు కన్నెత్తి చూడనివారిని గురించి చెప్పింది కాదు. క్రమం తప్పకుండా ఆయన సన్నిధికి వచ్చేవారిని గురించి చెప్పింది. అందుకే ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనం ఆ మాటకు భయపడాలి.

శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే దారుల్లో, జల్‌పల్లి చుట్టుపక్కల ఎన్నో చిన్న చిన్న సంఘాలున్నాయి. వాటిలో డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, కూలి పనివారు, షిఫ్టు డ్యూటీలు చేసే యువతీ యువకులు ఉంటారు. ఆరాధన ముగియగానే పనికి పరుగెత్తాల్సిన వారు గడియారం చూసుకుంటే వారిని తప్పుపట్టలేం. పాటలు, ప్రార్థన, కానుక, వాక్యం, ఆశీర్వచనం అన్నీ గంటన్నరలో జరిగిపోతాయి. ఏదీ తప్పలేదు, అంతా క్రమంగానే ఉంది. కాని చర్చి గేటు దాటాక మనతో ఇంటికి ఏం వచ్చింది? సోమవారం ఉదయం మన ఆరాధన ఎక్కడ ఉంది?

ఈ ప్రశ్నకు జవాబు కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. నూరేళ్ల క్రితం మన తెలంగాణ నేల మీదే, డోర్నకల్ పల్లెల్లో దానికి జవాబు చూపిన దైవజనుడు ఉన్నాడు. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తమిళ దేశంలోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెళ్లాలన్‌విళై అనే గ్రామంలో పుట్టాడు. తండ్రి థామస్ వేదనాయగం ఆంగ్లికన్ సంఘ గురువు. చర్చి నీడలో పెరిగినవాడు కాబట్టి ప్రార్థనలు, కీర్తనలు, పండుగలు ఆయనకు ఉగ్గుపాలతోనే అబ్బాయి. మద్రాసులో చదువుకుని, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగి యువకుల మధ్య పనిచేశాడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడాడు. మంచి కుటుంబం, మంచి పని, మంచి పేరు ఉన్నాయి. ఇక్కడితో ఆగిపోయినా ఎవరూ ఆయనను లోపం ఎంచి ఉండేవారు కాదు.

1902లో ఆయన శ్రీలంకలోని యాళ్పాణం వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు సంఖ్యలో చిన్నవారు. అయినా సముద్రం అవతల భారతదేశంలోని తమిళుల రక్షణకోసం తమ సొంత డబ్బుతో సువార్తికులను పంపుతున్నారు. అది చూసిన అజరయ్య మనసు కలత చెందింది. తిరునెల్వేలి సంఘం ఎంతో పాతది, ఎంతో పెద్దది. అక్కడ గుడులు నిండుతున్నాయి, ఆరాధనలు తప్పకుండా జరుగుతున్నాయి. కాని ఆ ఆరాధనలోనుండి బయటివారి కోసం ఒక్క అడుగు కూడా పడటం లేదెందుకు? తాము పొందినది తమతోనే ఆగిపోతే ఆ భక్తి నిలిచిపోయిన చెరువు నీటివంటిదే కదా! ఆయన ఈ భారాన్ని ప్రార్థనలో దేవుని ముందు పెట్టాడు.

ఆ ప్రార్థన ఫలితంగా 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. భారతీయుల మనుషులు, భారతీయుల డబ్బు, భారతీయుల నిర్వహణ అన్నది దాని నియమం. విదేశీ ధనం కోసం చేయి చాపకుండా ఆ సంఘాలు తమ సువార్తికులను నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి పంపాయి. 1905లో సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించినవారిలోనూ అజరయ్య ఉన్నాడు. కాని ఇతరులను పంపడంతో ఆయన తృప్తి పడలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, వై.ఎం.సి.ఏ. పదవి విడిచి, తానే డోర్నకల్ చేరాడు. ముప్పై అయిదేళ్ల వయసులో పసిపిల్లవాడిలా తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడాడు. పాశ్చాత్య మిషనరీలు త్యాగంతో ఎన్నో ఇచ్చారని ఒప్పుకుంటూనే, భారత క్రైస్తవులు వారినుండి కోరుకునేది సమానులుగా చూసే స్నేహమని నిర్భయంగా చెప్పాడు. ఆ మాట కొందరికి చేదుగా తోచినా సత్యమని చరిత్ర తేల్చింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో డోర్నకల్ బిషప్‌గా ఆయన అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

పదవి పెద్దదే, మంద మాత్రం నిరుపేదది. అంటరానివారని ఊరి బయట ఉంచబడిన మాల, మాదిగ పల్లెల ప్రజలు గుంపులుగా ప్రభువు దగ్గరకు వస్తున్న కాలమది. చాలామందికి చదువు లేదు. పగలంతా భూస్వాముల పొలాల్లో వెట్టి, సాయంత్రానికి అలసట. వీరికి ఆరాధన నేర్పడం ఎలా? ఇంగ్లాండు ఆరాధన క్రమాన్ని తెలుగులోకి మార్చి చదివిస్తే చాలా?

ఇక్కడే అజరయ్య వివేకం కనిపిస్తుంది. ఆయన ఆరాధన క్రమాన్ని పారవేయలేదు. ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు బాప్తిస్మానికి ముందే కంఠతా నేర్పించేవారు. చదవలేని మనిషికి కంఠస్థం చేసిన మాటే బైబిలు. అయితే ఆ మాటలకు ఊపిరి పోసింది తెలుగు కీర్తన. ఆంధ్ర దేశపు రాగాలతో, తాళాలతో, భజనలతో, సువార్తను కథలుగా పాడి వినిపించే పద్ధతులతో పల్లె ప్రజలు తమ సొంత గొంతుతో దేవుణ్ణి స్తుతించడాన్ని ఆయన ప్రోత్సహించాడు. పొలంనుండి వచ్చాక రాత్రివేళ పల్లెలోని చిన్న ప్రార్థనశాలలో ఉపదేశకుడు అందరినీ కూర్చోబెట్టేవాడు. అంటే వారి ఆరాధన ఆదివారానికి మాత్రమే చెందినది కాదు. రోజంతా పడిన కష్టాన్ని ఆ రాత్రే దేవునికి చెప్పుకునేవారు.

ఇక కానుక సంగతి. కూలికి గింజలు తెచ్చుకునే ఇల్లు దేవునికి ఏమివ్వగలదు? వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి దేవుని కోసం వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి చేరేది. క్రైస్తవుడు ఇవ్వడాన్ని గురించి ప్రత్యేకంగా పుస్తకమే రాసిన అజరయ్య, పేదలు కూడా ఇవ్వాలని గట్టిగా నమ్మాడు. పేదవాడినుండి తీసుకోకూడదనడం జాలిలా కనిపించినా, దేవునికి ఇచ్చే గౌరవాన్ని అతనికి లేకుండా చేయడమే అవుతుంది. పైగా ఆ పిడికిలిలో ఒక మర్మం ఉంది. పొయ్యి ముందు నిలబడిన తల్లి పూటపూటకూ దేవుణ్ణి తలచుకుంటుంది. ఆమె ఆరాధన ఆదివారం గంట కొట్టినప్పుడు కాదు, సోమవారం అన్నం వండేటప్పుడే మొదలవుతుంది.

మరో విషయం. బాప్తిస్మం పొందినవారు తమ చేయి తమ తలమీద ఉంచుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని అపొస్తలుడైన పౌలువలె ఒప్పుకోవాలని ఆయన నేర్పాడు (1 కొరింథీ 9:16). నిరక్షరాస్యులైన కూలీలు సహా విశ్వాసులందరూ ఏటా సాక్ష్యవారంలో పొరుగు ఊళ్లకు వెళ్లి, తమ బ్రతుకులో ప్రభువు చేసిన మేలు చెప్పేవారు. సాక్ష్యం చెప్పాల్సినవాడు ఆరాధనలో నిద్రపోలేడు. రేపు పొరుగువాడు అడిగితే చెప్పాలి కదా!

మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలతో అజరయ్య పోరాడాడు. ఆదివారం పాట పాడి సోమవారం కల్లు దుకాణానికి వెళ్లే భక్తిని ఆయన భక్తిగా ఒప్పుకోలేదు. కులం విషయంలో మరింత కఠినంగా ఉండేవాడు. ప్రభువు బల్ల దగ్గర మాల, మాదిగ భేదం ఉండకూడదన్నాడు. కొరింథు సంఘంలో పేదలను చిన్నబుచ్చి తిన్న భోజనం ప్రభువు రాత్రి భోజనమే కాదని పౌలు హెచ్చరించాడు (1 కొరింథీ 11). కులం పాటించే చోట ఎంత చక్కని ఆరాధన క్రమమైనా వట్టి చప్పుడే. ఆ ఉపదేశం ఫలించింది. నిన్నటివరకు తాము తాకని మనుషుల బ్రతుకులు మారడం కళ్లారా చూసి, 1930ల నాటికి సవర్ణ రైతు కుటుంబాలనుండి కూడా ఎందరో క్రీస్తు దగ్గరకు వచ్చారు. వారిని కదిలించింది కూలివాడి మారిన నడవడి.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడింది. రాతి స్తంభాలు గుడి మండపాన్ని, గుమ్మటాలు మసీదును తలపిస్తాయి. క్రీస్తు ఈ దేశానికి పరాయివాడు కాడని ఆ కట్టడం మౌనంగా చెబుతుంది. అది పూర్తి కావడానికి దాదాపు పాతికేళ్లు పట్టింది. కాని రాతి మందిరంకంటే ముందే ఆయన పల్లెల్లో సజీవమైన రాళ్లతో మందిరం కట్టాడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించాడు. అప్పటికి ఆ మేత్రాసనంలో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. ఆయన ఎంతగానో శ్రమించిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా నెరవేరింది. ఆ దినాన్ని ఆయన కళ్లతో చూడలేదు.

ఈ జీవితం మనకేం చెబుతోంది? ఆరాధన యాంత్రికం కావడానికి కారణం పాత పాటలూ, చదివే ప్రార్థనలూ అని కొందరంటారు. కొత్త వాయిద్యాలూ, తెరమీద పాటలూ వస్తే ఆత్మ వస్తుందనుకుంటారు. కాని కొత్త పాట కూడా పదివారాల్లో పాతబడుతుంది. చేతులెత్తడం కూడా అలవాటు కాగలదు. డోర్నకల్ విశ్వాసులు ప్రతి రాత్రి అవే మాటలు పలికారు, అవే కీర్తనలు పాడారు. అయినా అవి చచ్చిపోలేదు. ఎందుకంటే ఆ మాటల వెనుక పొయ్యి దగ్గర తీసిన పిడికెడు బియ్యం ఉంది, మానేసిన తాగుడు ఉంది, పక్కింటివాడితో చెప్పిన సాక్ష్యం ఉంది, కులం మరచి పంచుకున్న పాత్ర ఉంది. బ్రతుకుతో తెగిపోయిన ఆరాధనే యాంత్రికమవుతుంది. మన శరీరాలనే సజీవయాగంగా అప్పగించడమే తగిన సేవ అని పౌలు రాసింది ఇందుకే (రోమా 12:1).

వచ్చే ఆదివారం చర్చికి ఖాళీ చేతులతో, ఖాళీ మనసుతో వెళ్లకుండా ఈ వారమే సిద్ధపడదాం. కానుకను ఆదివారం ఉదయం జేబులో వెతుక్కోకుండా వారమంతా కొంచెం కొంచెంగా పక్కన పెడదాం. షిఫ్టుకు వెళ్లే బస్సులో ఆదివారం పాడబోయే ఒక కీర్తనను అర్థం తెలుసుకుంటూ మనసులో పాడుకుందాం. మాట్లాడటం మానేసిన సహోదరుడి ఇంటికి ముందుగా వెళ్లి సమాధానపడదాం. బలిపీఠం దగ్గర అర్పణను వదిలి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువే నేర్పాడు కదా (మత్తయి 5:23, 24). అప్పుడు మన ఆరాధన గంటసేపే సాగినా వారమంతటి బ్రతుకును దేవుని ముందు ఉంచుతుంది. ఆత్మతోను సత్యముతోను తనను ఆరాధించేవారిని వెదకుతున్న తండ్రి మన సంఘాల్లో అట్టివారిని కనుగొనును గాక! ఆమేన్.