శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ – బాలల సేవకు శిక్షణ



తల్లిదండ్రులు లేని బిడ్డను చూచి జాలిపడనివారు మన గ్రామములలో అరుదు. ఒక పూట అన్నము పెట్టువారు కలరు, పాత చొక్కా ఇచ్చువారు కలరు. అయితే ఆ బిడ్డ రేపు ఎక్కడ నిద్రించును, ఎవరి కనుసన్నలలో పెరుగును, వచ్చే యేడు బడిలో ఉండునా, కూలిలో ఉండునా అని విచారించువారు కొందరే. జాలి పుట్టుకతో వచ్చును. సంరక్షణ మాత్రము నేర్చుకొనవలసిన పని. ఈ సంగతిని తన జీవితమంతటిచేత మన దేశమునకు చూపిన తెలుగు స్త్రీ శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె చరిత్రను ఈ నెల కొంచెము నిదానముగా ఆలోచింతము.

ఆమె 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరములో జన్మించెను. ఆ కాలపు ఆచారము చొప్పున ఎనిమిదవ యేటనే ఆమెకు వివాహము చేసిరి. పదునైదేండ్ల ప్రాయము వచ్చినప్పుడు ఆమె ఆ వివాహబంధములోనికి వెళ్లుటకు ఒప్పుకొనక, చదువును దేశసేవను కోరుకొనెను. తండ్రియు సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. ఆ దినములలో అట్టి తండ్రులు ఎందరుండిరి? బాల్యము ఆడుబిడ్డకు ఎంత త్వరగా ముగిసిపోవునో దుర్గాబాయి పుస్తకములలో చదువలేదు, తన బ్రతుకులోనే చూచెను.

పండ్రెండేండ్లకే ఆమె ఇంగ్లీషు మాధ్యమమునకు నిరసనగా బడి మానివేసి, బాలికలకు హిందీ పాఠశాల నడిపెను. తాను నేర్చుకొన్నది వెంటనే మరియొకరికి నేర్పుట ఆమెకు చిన్ననాటనే అబ్బిన గుణము. 1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినప్పుడు, సంఘము వెలివేసిన దేవదాసీలును, గోషాలోని ముస్లిము స్త్రీలును ఆయన మాట వినవలెనని ఆమె పట్టుబట్టెను. ఏర్పాటు చేయువారు నిధికి అయిదు వేల రూపాయలు తెచ్చినయెడల కొద్ది నిమిషములు ఇప్పించెదమనిరి. ఆ చిన్నది ఆ స్త్రీల సహాయముతోనే ఆ మొత్తమును కూర్చెను. గాంధీజీ వారితో అనుకొనిన దానికంటె ఎక్కువసేపు మాటలాడెను, ఆమె ఆయన మాటలను తెలుగులో చెప్పెను.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భమున ఖద్దరు ప్రదర్శన ద్వారమునొద్ద ఆమె వాలంటీరుగా నిలిచియుండగా జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండ లోనికి రాబోయెను. ఆమె ఆయనను ఆపివేసెను. టిక్కెట్టు కొనిన తరువాతనే ఆయనను లోనికి విడిచెను. ఇది చెప్పుకొని నవ్వుకొను చిన్న సంగతి వలె కనబడును. కాని మంచి ఉద్దేశముతో వచ్చిన పెద్దవారికైనను నియమము నియమమే అను ఈ పట్టుదల, తరువాత దేశమంతటి సేవాసంస్థల విషయములో ఆమెకు ఎంతగా అక్కరకు వచ్చెనో ముందు చూతము.

1930లో ఉప్పు సత్యాగ్రహము నడిచెను. నేడు ఏ మహనీయుని పేరు మన ప్రకాశము ప్రాంతమునకు నిలిచియున్నదో, ఆ టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసులో ముందు నడువగా, దుర్గాబాయియు ఆ ఉద్యమములో దిగి చెరసాలకు వెళ్లెను. 1930 మొదలు 1933 వరకు ఆమె మూడుసార్లు శిక్ష ననుభవించెను. మధుర చెరసాలలో ఆమెను ఒంటరిగా ఉంచిరి. చెరసాలలోనే ఆమె, చదువురాని స్త్రీ ఖైదీలను కనుగొనెను. తమపై మోపిన నేరమేమిటో, తమ తరపున చెప్పుకొనుటకు హక్కు కలదో లేదో తెలియక వారు దీర్ఘశిక్షలు అనుభవించుచుండిరి. వారికొరకు కన్నీరు విడిచినంత మాత్రమున వారి శిక్ష తగ్గదు. వారి తరపున మాటలాడుటకు ధర్మశాస్త్రము, అనగా ప్రభుత్వ చట్టము, తెలిసినవారు కావలెను. దుర్గాబాయి న్యాయవిద్య చదువవలెనని నిశ్చయించుకొనినది ఇక్కడనే.

విడుదలైన తరువాత ఆమె ఇరువది యేండ్లు దాటిన వయస్సులో మరల చిన్నపిల్లవలె పుస్తకములు పట్టుకొనెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు ప్రైవేటుగా కూర్చుండెను. ఆంధ్ర విశ్వవిద్యాలయములో స్త్రీలకు వసతిగృహము లేదని తెలిసికొని, తనవంటి యువతులను పోగుచేసి తామే వసతి ఏర్పరచుకొని చదివిరి. అటుపిమ్మట మద్రాసులో న్యాయశాస్త్రము ముగించి 1942లో న్యాయవాదిగా చేరెను.

ఆ చదువు నడుమనే, 1937లో, మద్రాసు మైలాపూరులో ఆమె కొందరు చిన్న బాలికలను కూర్చి ఆటపాటలతో ఒక చిన్న సంఘము నడిపెను. దానినుండియే ఆంధ్ర మహిళాసభ పుట్టెను. చిన్నతనమున బడి మానిన స్త్రీలును, విధవరాండ్రును, భర్తలు విడిచినవారును అక్కడ చేరి, తక్కువ కాలములో మెట్రిక్యులేషనుకు సిద్ధపడిరి. నేతపని, కుట్టుపని, తరువాత నర్సు పని, మంత్రసాని పని, ఉపాధ్యాయ శిక్షణ ఒకదాని వెంట ఒకటి ఏర్పడెను. కాళ్లు చేతులు చచ్చుపడిన పిల్లలకు ఎముకల వైద్యకేంద్రము కూడ మద్రాసులో ఆ సభ క్రింద వెలసెను. సభ హైదరాబాదునకును వ్యాపించెను. ఇక్కడ ఒక క్రమము గమనింపదగును. నేడు సహాయము పొందిన స్త్రీ, రేపు సహాయము చేయుటకు శిక్షణ పొందినది. చేయి చాచినవారిని చేయూతనిచ్చువారినిగా చేయుటే ఆమె పద్ధతి.

1946లో ఆమె మద్రాసు నుండి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యెను. ఆ సభలోని స్త్రీలు పదునైదుగురే. సభాధ్యక్షుల పట్టికలో స్థానము పొందిన స్త్రీ ఆమె యొక్కతెయే. పదునాలుగేండ్లలోపు బిడ్డలను కర్మాగారములలోను గనులలోను పనికి పెట్టరాదనియు, వారికి నిర్బంధ ఉచిత విద్య నియ్యవలెననియు ఆ రాజ్యాంగము చెప్పినది. చెప్పుట ఒక యెత్తు, పల్లెలోని గుడిసె వరకు దానిని తీసికొనిపోవుట ఒక యెత్తు. ఆ రెండవ పని ఆమె చేతికి వచ్చెను.

1952లో ఆమె ప్రణాళికా సంఘ సభ్యురాలయ్యెను. 1953 జనవరిలో అప్పటి ఆర్థికమంత్రి శ్రీ చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడెను. అదే సంవత్సరము ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా, ఆమెయే మొదటి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థల సహాయమునకు మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. అనాథ శరణాలయములు, శిశు గృహములు, వితంతు గృహములు దేశమంతట వందలకొలది ఉండెను. వాటిని నడుపువారిలో పలువురు త్యాగమూర్తులు. అయినను శిక్షణ పొందిన పనివారు లేనిచోట్ల, పిల్లల వయస్సును ఆరోగ్యమును వ్రాసియుంచు పుస్తకములేని చోట్ల, త్యాగము మాత్రమే బిడ్డను కాపాడజాలదు.

గనుక బోర్డు ధనముతోపాటు లెక్కను, పర్యవేక్షణను, శిక్షణను కూడ అడిగెను. శరణాలయమునుండి పెద్దవాడై వెలుపలికి వచ్చిన బాలుడు ఏమగును? బాలనేరస్థుల పాఠశాల విడిచిన పిల్లవాడు ఎవరి యింటికి పోవును? ఈ ప్రశ్నలను విచారించుటకు బోర్డు ఒక సలహాసంఘమును నియమించెను. 1956లో స్త్రీల, బాలల సంస్థలకు లైసెన్సు ఉండవలెనని చట్టము వచ్చెను. 1960లో అనాథ శరణాలయముల పర్యవేక్షణకు మరియొక చట్టము వచ్చెను. కాకినాడ ద్వారమునొద్ద నిలిచిన ఆ బాలికను ఇక్కడ మరల జ్ఞాపకము చేసికొనవచ్చును.

పట్టణములలో సాంఘిక సేవకు శిక్షణ నిచ్చు విద్యాలయములు అప్పటికే మొలకెత్తియుండెను. బొంబాయిలో అమెరికా మిషనరీ క్లిఫర్డ్ మాన్షార్ట్ చేతిమీదుగా 1936లో మొదటిది ఆరంభమైనది. మద్రాసులో 1952లో మరియొకటి ఏర్పడెను. అయితే అక్కడ చదివిన పట్టభద్రులు ఎందరు పల్లెకు రాగలరు? దీనికి ఉత్తరముగా 1954 ఆగస్టు 15న బోర్డు గ్రామీణ సంక్షేమ విస్తరణ పథకములను ప్రారంభించెను. ఒక్కొక్క పథకము సుమారు 25 గ్రామములకు, అనగా సుమారు ఇరువది వేల జనమునకు, ఏర్పడినది. అందులో కొన్ని కేంద్రములు. ప్రతి కేంద్రమునకు ఒక గ్రామసేవిక, ఒక మంత్రసాని, చేతిపని నేర్పు ఒక స్త్రీ. ఉదయమున బాలవాడి, మధ్యాహ్నము స్త్రీలకు అక్షరములు, కుట్టు, గర్భవతుల యిండ్లకు దర్శనము. పథకమును నడుపు కమిటీలోను స్థానిక స్త్రీలే ముఖ్యులు.

కొద్ది కాలములోనే ఒక చిక్కు ఎదురయ్యెను. గ్రామసేవికలుగా, నర్సులుగా శిక్షణ పొందుటకు కావలసినంత చదువుగల స్త్రీలు పల్లెలలో లేరు. పట్టణపు యువతులు పల్లెలో నిలువరు. అప్పుడు 1937లో మైలాపూరులో చేసిన పనియే దేశమునకు మార్గమయ్యెను. చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీలకు సుమారు రెండు సంవత్సరములలో పాఠశాల చదువు పూర్తిచేయించు సంక్షిప్త విద్యాక్రమము 1958లో ఆరంభమైనది. మూడవ ప్రణాళికా కాలములో బాలసేవికల శిక్షణయు జతయైనది. బిడ్డ ఆహారము, ఆరోగ్యము, ఆటల ద్వారా విద్య, తల్లితో మాటలాడు విధము వారికి నేర్పబడినవి.

ఈ పథకములన్నియు అనుకొన్నట్లే సాగెనని చెప్పుట సత్యము కాదు. సేవికల జీతములు స్వల్పము. నిధులు అవసరమునకు చాలలేదు. 1957 తరువాత క్రొత్త పథకములు సమాజ వికాస బ్లాకులతో కలిసిపోయెను. అయినను విత్తనము చావలేదు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకములో, అనగా మన అంగన్వాడీలో, ఆ గ్రామసేవిక, ఆ బాలసేవిక పోలికలు కనబడును. ఊరి స్త్రీయే శిక్షణ పొంది, బిడ్డను తూచి, బరువు వ్రాసి, తగ్గిన బిడ్డను ఆసుపత్రికి పంపుచున్నది. త్రాసు, రిజిస్టరు చూచుటకు చిన్న వస్తువులే. అయినను ఒక బిడ్డ క్షీణించుచున్నాడని తల్లి కన్ను గ్రహింపకముందే అవి తెలుపును.

దుర్గాబాయి 1962లో సాంఘికాభివృద్ధి పరిశోధనకు ఒక మండలిని స్థాపించెను. భారతదేశపు సాంఘిక సేవను గూర్చిన విజ్ఞాన సర్వస్వము 1968లో ఆమె పెద్దరికమున వెలువడెను. కుటుంబ కలహములలో బిడ్డలు నలుగకుండ ప్రత్యేక న్యాయస్థానములు ఉండవలెనని ఆమె ముందుగానే కోరెను. 1975లో ప్రభుత్వము ఆమెకు పద్మవిభూషణ్ నిచ్చెను. 1981 మే 9వ తేదీన ఆమె కన్నుమూసెను. కుటుంబ న్యాయస్థానముల చట్టము ఆమె మరణించిన మూడేండ్లకు, 1984లో, వచ్చెను.

చదువరులారా, ఈ చరిత్ర మన యర్రగొండపాలెపు వారికి దూరపు కథ కాదు. నల్లమల అంచున మన నేల వాన చూచుకొని బ్రతుకు నేల. వాన తప్పిన యేడు తల్లిదండ్రులు మిరపకోతలకు వలస వెళ్లుదురు, బిడ్డలు అవ్వ యొద్ద మిగులుదురు. మార్కాపురము పలకల పరిశ్రమలో పిల్లలు పనిచేసిన దినములు పెద్దలకు తెలియును. ఒక బిడ్డ బడిలో వ్రాసికొను పలకను, బడి లేని మరియొక బిడ్డ చెక్కెను. చెంచు గూడెముల బిడ్డల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇట్టిచోట జాలిగలవారికి ఒక శోధన కలదు. నలుగురు బిడ్డలను ఇంటికి తెచ్చి, బోర్డు కట్టి, ఫొటోలు తీసి, దాతలకు పంపుట సులువు. ఆ బిడ్డలలో అనేకులకు తల్లియో తండ్రియో బ్రతికియే యుందురు. వారిని విడదీసినది మరణము కాదు, పేదరికము. ఆ తల్లికి పని దొరికి, ఆ బిడ్డకు ఊరిలోనే మధ్యాహ్న భోజనమును బడియు నిలిచినయెడల, శరణాలయము అవసరమే ఉండకపోవచ్చును. బిడ్డను తెచ్చుటకు ముందు ఇంటిని చూచుట, బంధువులను విచారించుట, బిడ్డ మాట వినుట, విన్నది వ్రాసియుంచుట, విడిచిన తరువాత మరల వెళ్లి చూచుట, ఇవియే శిక్షణ నేర్పు మొదటి పాఠములు.

2015 బాల న్యాయ చట్టము ప్రకారము, ఆదరణలేని బిడ్డ దొరికినప్పుడు ప్రయాణకాలము గాక 24 గంటలలోపల జిల్లా బాలల సంక్షేమ కమిటీ యెదుట చూపవలెను. రిజిస్ట్రేషను లేక బాలల గృహము నడుపుట నేరము. 1098 అను నంబరుకు ఫోను చేసినయెడల సహాయము దొరకును. మంచి మనస్సుతోనే చేసితిమి గదా, మనకీ నియమములెందుకని కొందరు నొచ్చుకొందురు. నియమము ఆ బిడ్డకొరకు వ్రాయబడినది. మన మంచి మనస్సును ఆ బిడ్డ పరీక్షించి తెలిసికొనలేడు. మన వెనుక వచ్చువాని మనస్సు ఎట్టిదో మనకును తెలియదు.

దుర్గాబాయి ధనికురాలిగా ఈ పని మొదలుపెట్టలేదు. తాను పోగొట్టుకొన్న చదువును మరల సంపాదించి, అదే దారిని ఇతరులకు తెరిచెను. మన ఊరిలో పదవ తరగతితో ఆగిపోయిన యువతులు ఎందరో కలరు. వారిలో ఒకతెను అంగన్వాడీ శిక్షణకో, నర్సు శిక్షణకో, సాంఘిక సేవ చదువుకో పంపి, ఆమె ఖర్చును ఒక సంవత్సరము మోయుట ఒక చిన్న సంఘమునకు అసాధ్యము కాదు. ఆ యొక్క స్త్రీ తిరిగి వచ్చి ముప్పది యేండ్లు ఊరి బిడ్డలను కాచును. వలస వెళ్లిన యింటి తలుపు తట్టి, అవ్వ యొద్ద నున్న బిడ్డ ఈ దినము బడికి వెళ్లెనా అని అడుగువారు అప్పుడు మన ఊరిలో ఒకరుందురు.