ముందు వినాలి, తరువాత అడగాలి

సంఘ కమిటీలో గాని, యౌవనస్థుల కూటంలో గాని సభ నడిపించే వారికి రెండు శోధనలు ఎదురవుతాయి. ఎదుటివారు చెప్పి ముగించకముందే తీర్పు చెప్పేయడం ఒకటి. గొడవ ఎందుకులే అని చివరివరకూ మౌనంగా ఉండిపోవడం మరొకటి. ఖిల్లా ఘణపూర్ కోట కింది చిన్న సంఘంలోనైనా, హైదరాబాదులోని పెద్ద సంఘంలోనైనా ఇదే తీరు. అందుకే ఈ వారం మేము ఆచార్య వినోబా భావేను గుర్తుచేస్తున్నాం. ఆయన క్రైస్తవుడు కాడు. అయినా మన తెలంగాణ పల్లెలో ఆయన సభ నడిపిన తీరు మన పెద్దలకు మంచి పాఠం.

వినోబా 1895 సెప్టెంబర్ 11న మహారాష్ట్రలోని గాగోదె గ్రామంలో జన్మించారు. యౌవనంలోనే గాంధీజీ ఆశ్రమంలో చేరారు. స్వాతంత్ర్యోద్యమంలో వెల్లూరు జైలులో ఉన్నప్పుడు తెలుగుతో సహా దక్షిణాది భాషలు నేర్చుకున్నారు. ఎదుటివారి గోడు వినాలంటే ముందు వారి మాట తెలియాలి కదా!

1951 నాటికి తెలంగాణలో భూమి కోసం రక్తం చిందుతోంది. ఆ ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి కాలినడకన వచ్చిన వినోబా, అది ముగిశాక పల్లెల దారి పట్టారు. 18వ తేదీన పోచంపల్లి చేరి దళితవాడకు వెళ్లారు. ఏం కావాలని అడిగారు. భూమి అన్నారు వారు. ఎంత అని అడిగారు. 80 ఎకరాలు, సగం తరి, సగం మెట్ట అన్నారు.

అర్జీ రాసిస్తే ప్రభుత్వానికి పంపుతానన్నారు వినోబా. మాట అక్కడితో ముగిసిపోయేదే. కానీ ఆయన ఊరివారి వైపు తిరిగారు. సర్కారు ఇవ్వలేకపోతే మీలో ఎవరైనా సహాయం చేయగలరా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది.

ఆయన కలుగజేసుకున్నది ఆ ఒక్క ప్రశ్నతోనే. అవసరం ఎంతో పూర్తిగా విన్నాకే, ఎవరి పేరూ ఎత్తకుండా, అందరి ముందూ అడిగారు. ముందే అడిగితే ఎంత కావాలో ఎవరికీ తెలిసేది కాదు. అసలు అడగకపోతే మిగిలేది అర్జీ కాగితమే.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలోనూ ఇదే చూస్తాం. విధవరాండ్ర విషయమై సణుగు పుట్టినప్పుడు పన్నెండుమంది దాన్ని అణచివేయలేదు. శిష్యులందరినీ పిలిచి, ఏడుగురిని ఏర్పరచుకొనే పని వారికే అప్పగించారు.

అయితే భూదానంగా వచ్చిన భూమిలో చాలా భాగం తరువాత పేదల చేతికి చేరలేదు. వినోబా 1982 నవంబర్ 15న పవనార్‌లో కన్నుమూశారు. పంపకం మాత్రం పూర్తికాలేదు. సభలో ఇచ్చిన మాట పొలం దాకా చేరాలంటే వెంటపడేవారుండాలి.

కాబట్టి ఈ ఆదివారం కమిటీ కూర్చున్నప్పుడు, వెనుక వరుసలో ఉన్న కూలి తల్లిని ముందు మాట్లాడనిద్దాం. ఆమె ముగించాక, మనలో ఎవరేం చేయగలమో అందరి ముందూ అడుగుదాం. ఎవరు, ఎప్పటిలోగా చేస్తారో రాసుకున్నాకే ముగింపు ప్రార్థన చేద్దాం.