సురవరం ప్రతాపరెడ్డిగారు

మన పాఠశాల విద్యార్థులు అశోకుని చరిత్రమును, అక్బరు చరిత్రమును తడబడక అప్పగింపగలరు. కాని మన సీమలోనే పుట్టి, తెలుగువారికి తమ పూర్వుల జీవితమును జ్ఞాపకము చేసిన సురవరం ప్రతాపరెడ్డిగారిని గూర్చి యడిగినచో పలువురు తెల్లబోవుదురు. కావున ఈ యేటి సంచికలో వారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయ దలచితిమి.

ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరము మే నెల 28వ తేదీన జన్మించిరి. తండ్రి నారాయణరెడ్డిగారు, తల్లి రంగమ్మగారు. స్వగ్రామమగు ఇటిక్యాలపాడు తుంగభద్రకు ఉత్తరపు గట్టున ఆలంపురపు ప్రాంతములోనిది. ఆ కాలమున ఆలంపురము, గద్వాల తాలూకాలు నిజాము రాజ్యమందలి రాయచూరు జిల్లాకు చెందియుండెను. అవి 1956లో పాలమూరు జిల్లాలో కలిసినవి. ఇప్పుడు ఆ గ్రామము జోగుళాంబ గద్వాల జిల్లాలోనిది. నదికి ఈవల నిజాము ప్రభుత్వము, ఆవల ఇంగ్లీషువారి ప్రభుత్వము. రెండు గట్టుల ప్రజల భాషయు తెలుగే. బాలుడు నది దాటి కర్నూలునకు పోయి చదివెను. అచ్చట వెల్లాల శంకరశాస్త్రిగారి యొద్ద సంస్కృత కావ్యములను నేర్చెను. తరువాత హైదరాబాదు నిజాం కళాశాలయందును, మదరాసునందును చదివి బి. ఏ., బి. ఎల్. పట్టములను పొందిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీ, ఇంగ్లీషు భాషలు వారికి స్వాధీనములు.

ఆనాటి హైదరాబాదు రాజ్యపు స్థితిని కొంత చెప్పక వారి జీవితము బోధపడదు. రాజ్యమునందలి జనులలో సుమారు సగము మంది తెలుగువారు. అయినను కచేరీలలో ఉర్దూ, పై తరగతుల బోధన ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధన ఉర్దూలోనే జరుగుచుండెను. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుట మెచ్చదగిన పనియే. కాని తెలుగు బిడ్డకు అది ఇంటి భాష కాదు. ఉర్దూ మధురమైన భాషయనుటలో మాకు సందేహము లేదు, ప్రతాపరెడ్డిగారికిని లేదు. లోపము భాషయందు లేదు. కందిచేను, కవిలి, కాపుదనము అను మాటలను తల్లి నోట విని, కంటితో చూచి నేర్చిన బిడ్డ, బడిలో అడుగు పెట్టగనే ఆ మాటలన్నియు పనికిరానివని తెలిసికొనుటయందున్నది. అట్టి బిడ్డ పాఠమును కంఠస్థము చేయును, పరీక్షలో కృతార్థుడగును, కాని నేర్చినది తన యింటి యనుభవముతో అతుకుకొనదు. ఉపాధ్యాయులముగా ఇరువది యేండ్లకు పైగా పిల్లల నడుమ మెలగుచున్న మాకు ఇది కన్నులార చూచిన సంగతియే.

1921లో హైదరాబాదునందు కర్వేగారి యధ్యక్షతను ఒక సంఘసంస్కరణ సభ జరిగెను. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములను సభవారు శ్రద్ధగా వినిరి. ఆలంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగున మాటలాడగనే ఎగతాళి చేసి అల్లరి పెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. మరుసటి యేట, అనగా 1922లో, మన నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను, ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించిరి.

1926 మే 10వ తేదీన ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక బయలుదేరెను. వారానికి రెండుమారులు వచ్చెడి పత్రిక. వ్రాయువారు చాలనప్పుడు ప్రతాపరెడ్డిగారే పలు మారుపేర్లతో వ్రాసెడివారు. అచ్చుచిత్తులు దిద్దుట మొదలు టపాకు కట్టలు కట్టువరకు తామే చూచుకొనుచుండిరి. వకీలు పట్టముండియు ధనమార్జింపక ఈ పనికి పూనుకొనుట వారి కుటుంబమునకు ఎంత భారమైయుండునో పెద్దలకు చెప్ప నక్కరలేదు. ఒకప్పుడు ప్రభుత్వమువారు సంపాదకీయములను ముందుగా తమకు చూపి యనుమతి పొందవలెనని నిర్బంధించిరి. అప్పుడు ప్రతాపరెడ్డిగారు సంపాదకీయపు స్థానమున లోకమందలి మహాపురుషుల సూక్తులను ఏరి ప్రకటింపసాగిరి. తమ మాటకు అడ్డు తగిలినప్పుడు జ్ఞాపకమునందున్న పరుల మాటలు ఆదుకొనినవి.

1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాము రాష్ట్రాంధ్ర మహాసభకు వారే యధ్యక్షులు. రెండవ సభ 1931లో మన నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగినది.

ఇక వారి కార్యములలో విద్యార్థులు ముఖ్యముగా తెలియదగినది ఒకటి కలదు. తెలంగాణమున తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాసెను. పూజ్యమనగా పూజింపదగినదను అర్థమున్నను, లెక్కలలో సున్న యనియు అర్థము. ఆ వ్రాత యుద్దేశించినది రెండవ యర్థమును. ఇట్టి మాట విన్నవాడు కోపించి ఖండనవ్యాసము వ్రాయుట లోకసహజము. ప్రతాపరెడ్డిగారు పత్రికాముఖమున ఊరూరి కవులను తమ పద్యములను, వివరములను పంపుడని కోరిరి. ఉత్తరములు కుప్పలుగా వచ్చినవి. 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చయ్యెను. అందున్న కవులు 354 మంది! స్త్రీలు కలరు, పలు కులములవారు కలరు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములు పండితులను పోషించిన సీమ మనది. ఆ కవులు అంతకుముందును ఉండిరి. వారి పేర్లను ఒక్కచోట వ్రాసి పెట్టినవారు లేకుండిరి, అంతియే. వ్రాయబడని జ్ఞాపకము పొరుగువానికి కనబడదు. కొంత కాలమునకు తమవారికే కనబడదు. వాదముతో గెలిచినచో నాలుగు దినములలో మరచిపోయెడివారు. 354 పేర్లను ఎవరు మరపింపగలరు?

సుమారు పదునైదేండ్ల పిమ్మట, 1949లో, ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడెను. రాజులు, యుద్ధములు గాక, సామాన్యజనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ వేల్పులకు మ్రొక్కిరి అను విషయములను తూర్పు చాళుక్యుల కాలమునుండి ఇరువదవ శతాబ్ది యారంభమువరకు వరుసగా చెప్పిన గ్రంథమిది. దీనికి శాసనములు చాలవు. కావున వారు పాల్కురికి సోమనాథుని కావ్యములను, క్రీడాభిరామమును, శుకసప్తతిని, హంసవింశతిని ముందు పెట్టుకొని వెదకిరి. కవులు అతిశయోక్తులు పలుకుదురు గదా, వారి మాటను చరిత్రముగా నమ్మవచ్చునా యని పెద్ద తరగతివారు అడుగవచ్చును. రాజు పరాక్రమమును వర్ణించునప్పుడు నమ్మరాదు. కాని బాటసారి పూటకూటింట ఏమి తినెనో మాటవరుసకు చెప్పునప్పుడు కవికి అబద్ధమాడ నవసరము లేదు. ప్రతాపరెడ్డిగారు ఆనాటి మూఢాచారములను ఖండించునప్పుడు కొన్నిచోట్ల చరిత్రకారునికంటె పత్రికాసంపాదకుడే ముందునకు వచ్చినట్లు మాకు తోచును. అది గ్రంథమునకు కొరత కాదు.

ఆ పరిశ్రమలో వారికి పెద్ద చిక్కు ఎదురయ్యెను. పూర్వకావ్యములలోని ఆటల పేర్లకు, పిండివంటల పేర్లకు నిఘంటువులలో చూచినచో క్రీడావిశేషము, భక్ష్యవిశేషము అని మాత్రముండును. ఏ క్రీడ, ఏ భక్ష్యము? నిఘంటుకారులకే తెలియలేదు. అట్టి పదములు కొన్ని తెలంగాణపు పల్లెలలో వాడుకలోనున్నవని ప్రతాపరెడ్డిగారు గ్రహించిరి. పండితుడు మరచినదానిని పల్లెజనుల నాలుక దాచియుంచెను. పాఠ్యపుస్తకపు మాట కాదని మనము మొరటుగా నెంచు ఇంటి మాట ఒక్కొక్కప్పుడు ఏడువందల యేండ్ల నాటి కావ్యమునకు తాళపుచెవి యగును.

ఈ గ్రంథమును చదివిన పిమ్మట మేము ఎనిమిదవ తరగతివారిని, ఇంటిలో అవ్వలనడిగి ఆటల పేర్లు వ్రాసికొని రండని కోరితిమి. చిర్రగోనె, ఓమనగుంటలు, అచ్చనగండ్లు, దాగిలిమూతలు మొదలుగా ఇరువదికి పైగా వచ్చినవి. వానిలో మూడింటిని ఎట్లాడుదురో తరగతిలో ఒక్కరికిని తెలియదు. ఒక బాలిక మాత్రము తన అవ్వ చేసి చూపినదని మరునాడు చింతగింజలు తెచ్చి అందరకు నేర్పెను.

హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసిన తరువాత, 1952 ఎన్నికలలో ప్రతాపరెడ్డిగారు వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25వ తేదీన, తమ యేబది యెనిమిదవ యేట, స్వర్గస్థులైరి. కేంద్ర సాహిత్య అకాడమి వారు 1955లో తెలుగు గ్రంథమునకు మొట్టమొదటిసారి బహుమానమిచ్చినప్పుడు అది ఆంధ్రుల సాంఘిక చరిత్రకే లభించెను. అందుకొనుటకు గ్రంథకర్త లేరు. హైదరాబాదునందలి తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టుటకు తెలంగాణ శాసనసభ 2025లో ఆమోదము తెలిపెను.

ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రతి యొకటి మన పాఠశాల గ్రంథాలయమునందు కలదు. తొమ్మిదవ, పదవ తరగతులవారు అడిగి తీసికొనవచ్చును. తలిదండ్రులును చదువగోరినచో పిల్లల చేత పంపగలము.